భజనలో గిటారు

జామ్ అనే మాట వినగానే మన ఇళ్ళల్లో ఎవరికైనా రొట్టెముక్క మీద రాసుకునే ఎర్రటి తియ్యటి పదార్థమే జ్ఞాపకం వస్తుంది. పట్నవాసం చేసేవారికి బండ్లన్నీ ఒకదాన్నొకటి తరుముకుని నిలిచిపోయిన నాలుగురోడ్ల కూడలి కూడా జ్ఞాపకం వస్తుంది. కాని వాయిద్యాలు పట్టేవారు ఈ మాటను మూడో అర్థంలో వాడతారు. నలుగురు ఒకచోట చేరి, ముందుగా రాసి పెట్టుకున్నది ఏమీ లేకుండా, ఒక శ్రుతీ ఒక తాళమూ మాత్రం ఒప్పందం చేసుకుని, అప్పటికప్పుడు తోచినదాన్ని కలిసి వాయించడమే వారి జామ్. ఆలోచించి చూస్తే మొదటి రెండు అర్థాలూ ఇందులోనే ఉన్నాయి. కుదిరితే తియ్యగా ఉంటుంది. కుదరకపోతే అందరూ ఒకరికొకరు అడ్డం.

ఇంత పనికి మన తెలుగులో మాట లేదా అంటే, ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. సంగీత విద్వాంసులు మనోధర్మం అంటారు. రాగాలాపన, నెరవలు, స్వరకల్పన అన్నీ దాని కిందికి వచ్చేవే. కవులు ఆశువు అంటారు. నల్లగొండలో మా వీధి రామాలయంలో హార్మోనియం వాయించే పెద్దాయన మాత్రం "అందుకొనుడు" అంటాడు. ఈ మాటలన్నిటిలో నాకు ఆ చివరిదే నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. గిటారు చేతపట్టింది నలభై దాటిన తరువాతనే. మావారు తమ చదువుకునే రోజుల్లో కొన్న గిటారు ఒకటి మా ఇంట్లో ఉండేది. పెళ్ళయిన నాటినుంచి అది కాపురానికి వచ్చిన మూడో మనిషిలాగా మాతోబాటు ఇళ్ళు మారుతూ, ఏ ఇంటికి వెళ్ళినా అటక ఎక్కి కూర్చునేది. ఒక వేసవి సెలవుల్లో దాన్ని దింపి, దుమ్ము దులిపి, కొత్త తీగెలు వేయించాను. "ఇన్నాళ్ళకు దానికి మోక్షం వచ్చింది," అన్నారు మావారు. "మనకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర ఉండదు కాబోలు," అని కూడా అన్నారు.

ఈ రోజుల్లో గిటారు నేర్చుకోవడానికి గురువు ఇంటికి వెళ్ళనక్కరలేదు. గురువే ఫోనులో మన ఇంటికి వస్తాడు. ఆరు తీగెలు. ఒక్కొక్క మెట్టు ఎక్కితే ఒక్కొక్క స్వరస్థానం. పన్నెండు మెట్లు ఎక్కేసరికి తీగె పొడవు సరిగ్గా సగమై, బయలుదేరిన స్వరమే పైస్థాయిలో పలుకుతుంది. మన పన్నెండు స్వరస్థానాల లెక్క ఆ కర్ర మీద మెట్లమెట్లుగా కళ్ళకు కనిపిస్తుంది. ఇంకొక వింత ఏమిటంటే, సొంతంగా వాయించడం మొదలుపెట్టేవారికి ప్రపంచమంతటా గిటారు మేష్టర్లు ముందుగా నేర్పే అయిదు స్వరాల వరుసలలో ఒకటి మన శుద్ధ ధన్యాసి. ఇంకొకటి మన మోహనం. మోహనంలో దైవతాన్ని షడ్జమం చేసుకుని అవే స్వరాలు వాయించుకుంటూ పోతే శుద్ధ ధన్యాసి వస్తుంది. గ్రహభేదం అని మనవారు ఏనాడో పేరు పెట్టిన కిటుకు ఇదే. అంటే ఒక రాగానికి వేళ్ళు అలవాటు పడితే రెండో రాగం సగం వచ్చినట్టే.

అయితే అయిదు స్వరాలు వచ్చినంత మాత్రాన నలుగురిలో వాయించడం రాదు. అక్షరాలు వచ్చినవారందరూ నలుగురిలో మాట్లాడలేరు గదా! దీనికి ఫోను గురువులు ఒక ఉపాయం చెబుతారు. డోలూ, బేసూ, పియానో కలిపి ముందే రికార్డు చేసి ఉంచిన వాద్యం ఒకటి ఉంటుంది. దాన్ని నడిపిస్తూ, దాని మీద మనం మనకు తోచింది వాయించుకోవాలి. నేనూ చాలా రోజులు అలాగే సాధన చేశాను. మంచి సాధనే, కాదనను. తాళం నిలకడగా ఉంటుంది, శ్రుతి చెక్కు చెదరదు, ఆ వాద్యబృందానికి అలుపు లేదు, దగ్గు రాదు, కాఫీ కావాలని అడగదు. ఒక్కటే లోటు. నేను ఏమి వాయించినా అది వినదు.

వినేవాళ్ళు ఎక్కడున్నారా అని ఆలోచిస్తూ ఉంటే, ఒక శనివారం సాయంత్రం మా వీధి చివర రామాలయంలోనుంచి హార్మోనియం వినిపించింది. ఏళ్ళ తరబడి వింటున్నదే. ఆ రోజు మాత్రం వేరుగా విన్నాను. పాడే పెద్దాయన ఒకే పల్లవిని నాలుగుసార్లు పాడితే నాలుగుసార్లూ ఒకటిగా లేదు. హార్మోనియం నాలుగు రకాలుగా బదులు చెబుతోంది. ఢోలకు వాయించే దర్జీ ఒకసారి ఆగి, ఒకసారి ఉరికి, సరిగ్గా పల్లవి ఎత్తుకునే వేళకు వచ్చి కలుస్తున్నాడు. అమ్మలక్కలు తాళాలతో గొంతు కలుపుతున్నారు. వీళ్ళలో ఒక్కరి ముందు కూడా రాసిన స్వరం లేదు. అమెరికా వాళ్ళు జామ్ అని పేరు పెట్టుకున్న దాన్ని మా వీధివాళ్ళు శనివారం భజన అనుకుంటూ ఊరికే చేస్తున్నారు!

మర్నాటి శనివారం గిటారు తీసుకుని వెళ్ళాను. గుడి పెద్దల్లో ఒకాయనకు అది సమ్మతం కాలేదు. "దేవుని గుళ్ళె ఇంగ్లీషు వాయిద్యం ఏందమ్మా?" అన్నాడు. నేను నోరు తెరవకముందే హార్మోనియం తాత తన పెట్టె మీద చేత్తో తట్టాడు. "మరి గిదేడికెల్లి వచ్చిందంటవ్? మన ఊరి తుమ్మకట్టెతోని చేసిండ్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అన్నది పచ్చి నిజం. హార్మోనియం పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టింది. మన పాటకు అది తగదని 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది; 1971 దాకా ఆ వెలి సాగింది. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ మన పల్లెల్లో నాటకం పద్యాన్నీ భజన కీర్తననూ మోసింది మాత్రం ఆ పెట్టెయే. దానికన్నా ముందు ఫిడేలు కూడా దొరల వాయిద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చుకున్నారు. ఇవాళ ఫిడేలు లేని పాటకచేరీని ఊహించగలమా? వాయిద్యం ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరి మాట వింటున్నదని చూడాలి.

తాత నాకు చాప మీద ఒక మూల చోటు చూపించాడు. ఆయన కాలవల శాఖలో చిన్న ఉద్యోగం చేసి విరమించినవాడు. స్వరం రాయడం రాదు. రాసినది చదవడమూ రాదు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: "ఒక నెల దాక సా, పా. గంతే. ఇనుడు నేర్వాలె బిడ్డా ముందుగాల."

పాడే పెద్దాయన శ్రుతి రెండున్నర. గిటారులో లావు తీగె నుంచి లెక్కబెడితే మూడో తీగె సహజంగా రెండు శ్రుతి పలుకుతుంది. తీగెలన్నిటినీ ఒక్కసారిగా అదిమి పట్టే కాపో అనే చిన్న బిగింపు ఒకటి ఉంటుంది. దాన్ని మొదటి మెట్టు దగ్గర తగిలిస్తే ఆ తీగె రెండున్నరకు వచ్చేస్తుంది. అంతవరకు యంత్రం పని. ఆ తరువాతది చెవి పని. నెల రోజులు కేవలం షడ్జమమూ పంచమమూ మీటుతూ కూర్చున్నవారికి ఇంకేమి తెలిసినా తెలియకపోయినా ఒక సంగతి తెలుస్తుంది. పాడేవారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో తెలుస్తుంది.

రెండో పాఠం ఆ ఊపిరి గురించే. "ఆయన మాట మీద ఉన్నప్పుడు నువ్వు మాట్లాడకు. ఊపిరి దీసే జాగ ఉంటది సూడు, గాడ నీ పని." కీర్తనలో పాదానికీ పాదానికీ మధ్య ఎంత చోటు ఉంటుందంటారా? ఒకటి రెండు దెబ్బలు. మూడు నాలుగు స్వరాలకు మించి పట్టదు. రామదాసు కీర్తన అయినా, పాలమూరు భజనల్లో పాడే హనుమద్దాసు కీర్తన అయినా అంతే. ఆ కాస్త చోటులోనే చెప్పవలసింది చెప్పి తప్పుకోవాలి.

మూడో పాఠం ఇంకా బాగుంది. "ఆయన ఆఖరుకు ఏమన్నడో గదే నువ్వు మల్ల అను. అన్నంక నీది ఒక్కటి కలుపు. రెండు కలుపకు." ఇది విన్నప్పుడు నాకు మా తరగతి గది జ్ఞాపకం వచ్చింది. ఎదుటివారు అన్న మాటను మొదట సరిగా తిరిగి చెప్పగలిగినవాడికే దానికి జవాబు చెప్పే యోగ్యత ఉంటుందని వాదవిద్యలో చెబుతాం. పెద్ద కచేరీలో ఫిడేలువారు గాయకుడి స్వరకల్పనకు బదులు చెప్పేదీ ఈ పద్ధతిలోనే. తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ ఒకదానికొకటి బదులిస్తూ, ఆ సవాళ్ళను సగం సగం చేసుకుంటూ పోయి చివరకు కలిసి ముక్తాయించేదీ ఇదే. మా దర్జీ ఎన్నడూ కచేరీకి పోయినవాడు కాడు. కాని మూడు వరసలు వాయించి ఎత్తుగడకు దిగడం అతనికి కత్తెర పట్టినంత సులువు.

నాలుగో పాఠం, తిరిగి రావడం. ఎంత దూరం పోయినా తాళం మొదటి దెబ్బకు ఇల్లు చేరాలి. "సంతకు పోయినోడు పొద్దుగూకేటాలకు రావాలె," అంటాడు తాత. సొంతంగా వాయించడం అంటే కట్టు తెంచుకుని పోవడమని చాలామంది అనుకుంటారు. కట్టు ఉన్నందువల్లనే పోగలుగుతాం. అది తెగితే పోవడమూ లేదు, రావడమూ లేదు, ఊరికే తిరగడమే.

తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. మన అవధానం నిండా ఉన్నది ఇదే గదా! ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు పద్యంలో పొదగమని నాలుగు పదాలు ఇస్తారు. నిషిద్ధాక్షరి అడిగేవారు, అవధాని ఒక్కొక్క అక్షరం చెబుతూ ఉంటే, తరువాత ఏ అక్షరం రాబోతుందో ఊహించి దాన్ని వద్దంటారు. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్ళిస్తారు. మధ్య మధ్య గంట మోగుతుంది; అది ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్క చెప్పాలి. ఇన్ని వద్దుల మధ్యనే పద్యం పుడుతుంది. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ ఊరూరా తిరిగి ఈ విద్యను సభలకెక్కించారు. మా పాలమూరు వైపు గద్వాల సంస్థానానికి పండితులను ఆదరించినందువల్ల విద్వద్గద్వాల అనే పేరే వచ్చింది. ఆ జంటకవులకు అక్కడా సత్కారం జరిగింది. ఇద్దరు కవులు ఒక్క గొంతుతో పద్యం చెప్పాలంటే ఒకరు ఎక్కడ ఆగుతారో రెండోవారికి తెలియాలి. దాన్ని జామ్ అనకపోతే మరేమనాలి?

ఆశువుగా పద్యం చెప్పేవాడికి పద్యం ఆకాశంనుంచి ఊడిపడదు. లోపల వేలాది పద్యాలు ధారణలో ఉంటాయి. ఛందస్సు నడకలాగా ఒంటబట్టి ఉంటుంది. వేళ కాని వేళ చుట్టాలు దిగినా ఒక గడియలో విస్తరి వేసే ఇల్లాలిని చూసి, ఏమి చాకచక్యం అని మెచ్చుకుంటాం. ఆ చాకచక్యమంతా డబ్బాల్లో నిలవ ఉన్న పప్పులోనూ, ఏ డబ్బాలో ఏమున్నదో చీకట్లో కూడా తెలిసిన చేతిలోనూ ఉంది. గిటారు మీద వేళ్ళకూ అంతే. వందసార్లు పాడుకున్న పాటలే ఆ నిలవ. అందుకే రోజూ ఇంట్లో ఒంటరిగా చేసే సాధన మానవలసిన పని లేదు. కాని వంట నేర్చుకునేది పెట్టడానికి. చూసుకుని మురవడానికి కాదు.

గద్వాల మాట వచ్చింది గనుక ఆ వైపు కిన్నెరను కూడా చెప్పుకోవాలి. నల్లమల అంచున అవుసలికుంట అనే ఊరుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016లో జిల్లాలు విడదీసిన తరువాత నాగర్‌కర్నూలు జిల్లాలోకి వచ్చింది. ఆ ఊరి దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న వీరగాథ పాడి పేరు తెచ్చుకున్నాడు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు ఆయన గొంతు వినిపించిన తరువాత పట్నపు పిల్లలకు కూడా కిన్నెర అంటే ఏమిటో తెలిసింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వెదురు దండి, దానికి సొరకాయ బుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. ఈ కిన్నెర పాటలో నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. కథకుడు ఒక మాట అంటాడు. కిన్నెర దాన్ని తిరిగి అంటుంది. వినేవారు ఊపు మీద ఉంటే కథ సాగుతుంది. పిల్లలు నిద్రకు తూగితే ముడుచుకుంటుంది. అక్కడ ఉన్నది ఒక్క మనిషే అయినా కిన్నెరతో ఒక సంభాషణ, ఊరివారితో ఇంకొక సంభాషణ నడుస్తూ ఉంటాయి.

ఇది మన పల్లెలకే పరిమితమైన సంగతి అనుకోవద్దు. జైపూరుకు చెందిన విశ్వమోహన భట్ గారు గిటారునే మార్చి, దానికి మరికొన్ని తీగెలు చేర్చి మోహనవీణ అని పేరు పెట్టుకున్నారు. 1992లో ఆయనా, రై కూడర్ అనే అమెరికను గిటారు విద్వాంసుడూ కాలిఫోర్నియాలో సాంతా బార్బరాలోని ఒక ప్రార్థనామందిరంలో కూర్చుని ఒక రికార్డు వాయించారు. అంతకుముందు వారిద్దరికీ పరిచయమే లేదు. ఒకరినొకరు చూసుకున్న గంటలోపలే వాయించడం మొదలుపెట్టారు. ముందుగా సాధన చేసింది లేదు. ఆ రికార్డుకు 1994లో గ్రామీ బహుమానం వచ్చింది. దాన్ని వింటే తెలుస్తుంది, ఒకరు వాయిస్తున్నంతసేపూ రెండోవారు ఎంత ఒదిగి ఉన్నారో. ఇద్దరికీ భాష వేరు, సంగీతం వేరు. వినడం మాత్రం ఒకటే.

ఇదంతా నేను పుస్తకాల వల్లా రికార్డుల వల్లా చెప్పగలిగేది. వినడం వల్ల ఏమి ప్రయోజనమో నాకు తెలిసింది మాత్రం మా రామాలయం చాప మీదనే.

మా భజనలో పాడే పెద్దాయన భార్య ఆడవాళ్ళ వరుసలో మొదట కూర్చుని తాళం వేసేది. పెద్దగా పాడేది కాదు. ఆయన చరణం ముగించి పల్లవి ఎత్తుకునే ముందు ఆమె తాళం కాస్త గట్టిగా మోగేది. ఆ ఒక్క దెబ్బ ఆయనకు గుర్తు. నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. నెల తిరిగిన తరువాత ఆయన మళ్ళీ భజనకు వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. తాత శ్రుతి పట్టాడు. దర్జీ ఢోలకు బిగించుకున్నాడు. ఆయన ఎప్పుడూ పాడే కీర్తనే మొదలుపెట్టాడు. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణం చివర, ఆ తాళం దెబ్బ మోగవలసిన చోట, అది మోగలేదు. ఆయన గొంతు అక్కడే ఆగిపోయింది.

ఆగిందని బయటివారికి తెలిసి ఉండదు. తాత హార్మోనియం మీద ఆ చివరి స్వరాన్ని వదలకుండా పట్టి ఉంచాడు. దర్జీ ఢోలకు మీద చేతివాటం తగ్గించి, వేళ్ళ కొసలతో నడక మాత్రం నిలబెట్టాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. తాత నా వైపు చూశాడు, రెప్పపాటు మాత్రమే. ఆయన ఆఖరున అన్నది నాలుగు స్వరాలు. వాటినే మీటాను. మళ్ళీ మీటాను. ఒక్కటి కూడా కలపాలనిపించలేదు. మూడోసారి మీటేసరికి ఆడవాళ్ళ వరుసలో ఆమె పక్కన కూర్చునే అమ్మ తాళాన్ని గట్టిగా ఒక్క దెబ్బ వేసింది. పల్లవి అందరూ ఎత్తుకున్నారు. రెండుసార్లు అందరూ పాడారు; మూడోసారి ఆ గొంతుల్లోకి ఆయన గొంతు వచ్చి కలిసింది.

కీర్తన అయింది. ఆయన కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకుని, "తర్వాత ఏంది?" అన్నాడు. దర్జీ ఏదో పేరు చెప్పాడు. భజన మంగళహారతి దాకా నడిచింది. గుడి మెట్లు దిగుతున్నప్పుడు తాత నాతో అన్న మాట ఒక్కటే: "ఇయ్యాల అందుకున్నవు బిడ్డా."

అందుకోవడం అనే మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. పాటను అందుకోవడం అంటే మన వంతు రాగానే మన సరుకు బయటపెట్టడమని ఇదివరకు లోకం చెప్పగా విన్నాను. జారిపోతున్నదాన్ని కింద పడకుండా పట్టుకోవడం కూడా అందుకోవడమే. ఫోనులోని వాద్యబృందానికి గొంతు పూడుకుపోదు. కాబట్టి అది ఈ రెండో అర్థాన్ని నేర్పలేదు.

ఈ సంగతి మన శాస్త్రానికి తెలియక పోలేదు. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్‌ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాశాడు. అందులో పలువురు కలిసి పాడీ వాయించీ చేసే బృందానికి ఆరు గుణాలు చెప్పాడు. ముఖ్య గాయకుడిని అనుసరించడం మొదటిది. అందరి నాదమూ ఒకటిగా కలవడం రెండోది. తాళలయలను విడవకపోవడం మూడోది. మూడు స్థాయిల్లోనూ సంచరించగల శక్తి ఒకటి; గొంతులూ వాయిద్యాలూ ఒకే తీరుగా పలకడం ఒకటి. వీటి నడుమ ఇంకొకటి ఉంది. దాని పేరు మిథస్త్రుటిత నిర్వాహం. ఒకరికి తెగినచోట మరొకరు నిర్వహించడం అని అర్థం. ఎవరికీ ఎన్నడూ తెగని బృందాన్ని ఆయన కోరలేదు. తెగుతుందని ఆయనకు తెలుసు. తెగినప్పుడు ఏమి జరగాలో చెప్పాడు. దాన్ని గుణాల్లో లెక్కించాడు.

ఈ గ్రంథానికి సంగీతసుధాకరం అని వ్యాఖ్య రాసినవాడు ఎవరో కాదు, మా రాచకొండ ఏలిన రేచర్ల సింగభూపాలుడు. మునుపటి నల్లగొండ జిల్లాలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఆ గుట్టల మీద కోటగోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆరువందల ఏళ్ళ కిందట ఒక రాజు ఆ రాళ్ళ మధ్య కూర్చుని సంస్కృతంలో వివరించిన సంగతిని, ఆ రాజు పేరైనా విని ఉండని ఒక కాలవల శాఖ ఉద్యోగి, ఒక దర్జీ, తాళం వేసే ఒక అమ్మ మా వీధి గుడిలో చేసి చూపించారు. శాస్త్రం వారిని చూసి రాశారో, వారు శాస్త్రాన్ని చెవినుంచి చెవికి తెచ్చుకున్నారో పండితులు తేల్చాలి. నాకు మాత్రం రెండూ ఒకటేననిపిస్తుంది.

మా కళాశాల పిల్లలు కొందరు గిటారు వాయిస్తారు. "మేడమ్, పాట వచ్చినంతవరకు వాయిస్తాం. సొంతంగా వాయించమంటే చేతులు ఆగిపోతున్నాయి. ఏమి చేయాలి?" అని అడుగుతూ ఉంటారు. నేను తాత మాటలే చెబుతాను. పాడేవారి శ్రుతి తెలుసుకోండి. తాళం మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో పట్టుకోండి. అయిదు స్వరాలు చాలు. వాళ్ళు ఊపిరి తీసుకున్నచోట, వాళ్ళు అన్నదే మళ్ళీ అనండి. ఆ తరువాత మీది ఒక్కటి కలపండి. ఇవన్నీ నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. చేయడానికి మాత్రం ఎదుట ఒక మనిషి కావాలి. దగ్గేవాడు, మరిచిపోయేవాడు, ఉన్నట్టుండి ఉత్సాహం వచ్చి పల్లవిని అయిదోసారి కూడా ఎత్తుకునేవాడు కావాలి.

అటువంటి మనుషులు మన వీధుల్లో ఇంకా ఉన్నారు గాని, వయసులు మీదపడుతున్నాయి. మా తాతకు ఈ మధ్య ఎడమచెవి సరిగా వినపడడం లేదు. కుడిచెవిని నా వైపు తిప్పుకుని కూర్చుంటున్నాడు. ఆయనకు తెలిసినదాన్ని కాగితం మీద పెడదామని నేను నోటుబుక్కు తీసుకుని వెళితే నవ్వాడు. "రాసుకున్నది ఇంటికి పోతది. ఇన్నది ఈడ్నే ఉంటది," అన్నాడు. ఆయన మాట కాదనకుండానే, ఇంటికి వచ్చిన తరువాత జ్ఞాపకమున్నంతవరకు రాసి పెట్టుకుంటున్నాను.

మీ ఇంట్లో ఫిడేలో, మాండలినో, గిటారో నేర్చుకుంటున్న పిల్లలుంటే ఒక్క పని చేయండి. వారంలో ఆరు రోజులు పాఠం చదివించండి. ఏడో రోజు దగ్గరలో భజన జరిగే చోటికి వాయిద్యంతో సహా పంపండి. అక్కడ ఎవరూ పరీక్ష పెట్టరు, బహుమానమూ ఇవ్వరు. మొదట్లో సా, పా మీటుతూ కూర్చోమంటారు. కూర్చోనివ్వండి. చాప మీద ఆ మూల ఎప్పుడూ కాస్త చోటు ఉంటుంది.